మందు కొట్టాక చెప్పే బాధ్యత ఎవరిది?



మందు కొట్టేటప్పుడు మాస్కు పెట్టుకో, గాలికి ఎదురు కొట్టకు అని అందరూ చెప్తారు. మంచిదే. కానీ పంపు కడిగి ఇంటికొచ్చాక సంగతేంటి? కొట్టినాయనకు ఎక్కడ కొట్టాడో తెలుసు. బడి నుంచి గట్టు మీద నడిచొచ్చే పిల్లకు తెలీదు. మేకకు తెలీదు, కుక్కకు అసలే తెలీదు. అందుకే నా ఉద్దేశంలో కొట్టినవాళ్లే చెప్పాలి.

గ్లైఫోసేట్ లాంటి గడ్డి మందు కొట్టిన రోజు గట్టు పచ్చగానే ఉంటుంది. గడ్డి ఎండేది కొన్ని రోజుల తర్వాత. ఈలోపు ఎవరో కోసుకెళ్లి గేదెకు వేస్తారు. పిల్లలు ఆ గడ్డిలో ఆడి అదే చేత్తో జామకాయ తింటారు. కుక్క తడి గడ్డిలో తిరిగి కాళ్లు నాకుతుంది. నారుమడిలో గుళికలు చల్లితే కోళ్లు గింజలనుకుని ఏరుకుంటాయి.

"మాది ప్రకృతి వ్యవసాయం, మాకెందుకు" అనుకోకండి. మన గట్టు అవతల పక్క రైతు పొలమే ఉంది. ఆయనతో గొడవ వద్దు. "బాబాయ్, కొట్టే ముందు రోజు ఒక మాట చెప్పు, పిల్లల్ని అటు పంపను" అంటే కాదనేవాళ్లు తక్కువ. పై వీడియోలో చూశారుగా, ఎర్ర గుడ్డ కట్టిన కర్ర. పైసా ఖర్చు లేదు. మందు కొట్టిన చోట అది పాతితే చదువు రానివాళ్లకు కూడా అర్థమవుతుంది. డబ్బా మీద రాసిన గడువు అయ్యేదాకా తీయకూడదు. గడువు రాసి లేకపోతే ఆ గడ్డిని మేతకు వాడకపోవడమే మేలు.

డబ్బాల సంగతీ అంతే. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షల్లో తేలింది. పురుగుమందు, తినే సరుకు ఒకే ఇంట్లో పక్కపక్కన ఉండకూడదు. మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో అసలు పోయకూడదు. పారాక్వాట్‌కైతే విరుగుడే లేదు, ఒక్క గుక్క చాలు ప్రాణం పోవడానికి. ఖాళీ డబ్బాకు చిల్లులు పెట్టండి, నీళ్లకు వాడకండి.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మనవి ప్రకృతి కషాయాలు కాబట్టి ఏమీ కాదనుకోవడం తప్పు. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది, పచ్చిమిర్చి ఉంటుంది. కంట్లో పడితే పిల్లాడు తట్టుకోలేడు. వేపనూనె తాగిన పసిపిల్లలకు ఫిట్స్ వచ్చిన కేసులున్నాయి. 200 లీటర్ల జీవామృతం డ్రమ్ము మూత లేకుండా ఉంటే చిన్నపిల్లలకు అది బావితో సమానం. కాబట్టి మన సీసాలకూ పేరు రాయాలి, తాళం వేయాలి, డ్రమ్ముకు గట్టి మూత పెట్టాలి.

ఎవరైనా పొరపాటున తాగితే ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేసి, ఆ డబ్బా కూడా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టర్ త్వరగా వైద్యం చేయగలరు.

రసాయనం కొట్టే రైతుని మారమని అడిగే ముందు, మన దొడ్డిలో ఈ పద్ధతి పెట్టుకుందాం. మనం పాటించి చూపిస్తే పక్క రైతు కూడా మన మాట వింటాడు.