చిన్న కోత సరే, చేరేదెలా?

ఛాతీకీ కడుపుకూ నడుమ అడ్డుగోడవలె ఉండే కండరపు పొర ఉదరవితానం. డాక్టర్లు డయాఫ్రం అంటారు. గర్భస్థ శిశువులో ఇది పూర్తిగా మూసుకొననప్పుడు ప్రేగులు ఛాతీలోనికి ఎక్కి ఊపిరితిత్తుల ఎదుగుదలను అణచివేస్తాయి. సుమారు మూడు వేల జననాలలో ఒకటిగా కనిపించే ఈ లోపం ఎక్కువగా ఎడమవైపునే వస్తుంది.

ఆ రంధ్రాన్ని 3 నుండి 5 మిల్లీమీటర్ల గొట్టాలతో, కెమెరా సాయంతో కుట్టివేసే థోరకోస్కోపీ పద్ధతి మన దేశపు పెద్ద ఆసుపత్రులకూ వచ్చినది. నొప్పి తక్కువ, మచ్చ చిన్నది. అయితే ఛాతీలోనికి పంపే కార్బన్ డయాక్సైడ్ వలన పసికందు రక్తంలో ఆమ్లత పెరుగుతుంది. పెద్ద కోత పద్ధతికంటే హెర్నియా తిరగబెట్టడమూ ఎక్కువే. కనుక నిలకడగా ఉన్న శిశువులకే ఇది తగినది.

ఆ నిలకడ వద్దనే గంజాం జిల్లా కష్టమంతా ఉన్నది. నీలివర్ణమైన బిడ్డకు మాస్కు పెట్టి గాలి కొట్టడం ప్రసూతి గదులలో పరిపాటి. ఈ జబ్బులో ఆ గాలి ప్రేగులను, జీర్ణాశయాన్ని ఉబ్బించి, ఉన్న కొద్దిపాటి ఊపిరితిత్తినీ నొక్కివేస్తుంది. శ్వాసనాళంలోనికి ఒక గొట్టం, జీర్ణాశయంలోనికి మరొక గొట్టం వేయడమే తొలి రక్షణ. ఆపరేషను ఆ తరువాతి మాట. పూర్వం పుట్టిన వెంటనే బల్లమీదికి తీసుకొనిపోయేవారు. నేడు ఊపిరితిత్తుల రక్తనాళాల ఒత్తిడి తగ్గువరకు ఆగుతున్నారు. కొందరు శిశువులలో నెలల తరువాత గాని లోపం బయటపడదు. న్యుమోనియా అని మందులు వాడుతూ కాలం గడిచిపోతుంది. నిజానికి చిన్న కోత చక్కగా అక్కరకు వచ్చేది ఇటువంటి పిల్లలకే.

పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరిట 1962లో వెలసిన బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రియే ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు. అక్కడినుండి భువనేశ్వర్ ఎయిమ్స్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖ సుమారు 260. భాష తెలిసిన ఊరని మన తెలుగు కుటుంబాలు విశాఖకే మొగ్గుతాయి. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరుటతో కార్డుకు సరిహద్దు చిక్కు తగ్గినది గాని, శ్వాసయంత్రంపైనున్న బిడ్డకు ఆ అదనపు 90 కిలోమీటర్లు తక్కువ కావు.

కడుపులోనున్నప్పుడే తెలిసినచో తల్లినే పెద్ద ఆసుపత్రికి పంపవచ్చును. పద్దెనిమిది, ఇరవై వారాల మధ్య నిపుణులు చేసే స్కానింగులో చాలావరకు తెలిసిపోతుంది. జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో గుర్తించవలసిన తొమ్మిది జన్మలోపాలను పేర్కొన్నది. గ్రహణమొర్రి, వంకర పాదం, గుండె జబ్బు అందులో ఉన్నవి, ఉదరవితానం లేదు. పదవ పేరుగా దీనిని చేర్చమని మన ప్రజాప్రతినిధులు అడుగవచ్చును.