వీథికి పేరు పెట్టిన చాలునా?

“పేరు గొప్ప, ఊరు దిబ్బ” యను సామెత తెలుగువారికి క్రొత్తది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక మహనీయుని పేరు ధరించిన వీథులు కొన్నిటిని చూచినవారికి ఈ సామెతయే స్ఫురించును. ఆ మహనీయుడు మార్టిన్ లూథర్ కింగ్. ఆయన పేరు గల వీథులు ఆ దేశమున తొమ్మిది వందలకు మించి యున్నవి. వానిలో సంపన్నములైనవియు లేకపోలేదు. కాని పెక్కు నగరములలో ఆ వీథుల వెంట మూతపడిన అంగళ్లు, పగిలిన కిటికీలు, పాడుపడిన యిండ్లు, గడ్డి మొలచిన ఖాళీ స్థలములు కానవచ్చును.

కింగ్ 1929లో అట్లాంటా నగరమున జన్మించెను. ఆయన క్రైస్తవ మతబోధకుడు. నాడు దక్షిణ రాష్ట్రములలో బస్సులందును, బడులందును, భోజనశాలలందును నల్లజాతివారిని వేరుచేసి యుంచెడివారు. 1955లో మాంట్‌గొమరీ నగరమున ఆరంభమైన బస్సుల బహిష్కారమునకు ఆయన నాయకత్వము వహించెను. 381 దినములు అచ్చటి నల్లజాతి ప్రజలు కాలినడకనైనను పోయిరి గాని ఆ బస్సు లెక్కరైరి. గాంధీ మహాత్ముని అహింసా మార్గము కింగ్‌నకు ఆదర్శము. 1959లో ఆయన భారతదేశమునకు వచ్చి, ఆ మహాత్ముడు నడచిన నేలను దర్శించెను. 1964లో ఆయనకు నోబెల్ శాంతి బహుమానము లభించెను. 1968 ఏప్రిల్ 4వ తేదీన మెంఫిస్ నగరమున ఆయన తుపాకి గుండునకు బలియయ్యెను. ఆయన ఆ నగరమున కేల పోయెను? వీథులలోని చెత్త నెత్తు కార్మికులు న్యాయమైన కూలికై, మర్యాదకై సమ్మె చేయుచుండగా వారికి అండగా నిలుచుటకే పోయెను.

ఆ సంవత్సరముననే షికాగో నగరము ఒక పెద్ద వీథికి ఆయన పేరు పెట్టెను. క్రమముగ ఇతర నగరములును ఆ దారినే నడచినవి. సెయింట్ లూయిస్ నగరమున ఈస్టన్ వీథి 1972లో కింగ్ వీథి యయ్యెను. ఒకప్పుడు ట్రాము బండ్లతో, క్రిక్కిరిసిన అంగళ్లతో కళకళలాడిన వీథి యది. నే డందు చాలభాగము వెలవెలబోవుచున్నది.

ఆ పేరు పెట్టుటవలననే అట్టి వీథులు చెడినవని పలుకువారు కలరు. ఇది కార్యకారణములను తారుమారు చేయుట. సెయింట్ లూయిస్ జనసంఖ్య 1950లో 8,56,796. 2020 నాటికి అది 3,01,578కి దిగజారెను. ఈ క్షయము పేరు మారుటకు ముందే మొదలయ్యెను. 1930లలో కేంద్ర ప్రభుత్వ సంస్థ యొకటి పటములు గీయించి, నల్లజాతివారు నివసించు పేటలను ఎఱ్ఱరంగుతో గుర్తించెను. అట్టి పేటలలో ఇల్లు కట్టుటకు గాని, బాగుచేయుటకు గాని అప్పు పుట్టుట దుర్లభమయ్యెను. పిమ్మట విశాలమైన రహదారులు వెలసినవి. కలిగిన తెల్లవారు నగరము వెలుపలి పేటలకు తరలిపోయిరి. వారి వెంట అంగళ్లును, పనులును పోయినవి. రోగము ముందు వచ్చెను, పేరు వెనుక వచ్చెను. కావున పేరు తీసివేసినంత మాత్రమున రోగము కుదురదు.

అట్లని బాగుచేయుట యెల్ల మేలే యనుకొనుటయు పొరపాటు. సియాటిల్ నగరమున 2009లో కింగ్ వీథి వెంట రైలు నడువసాగెను. క్రొత్త మేడలు లేచినవి. వాటితోపాటు అద్దెలును పెరిగినవి. పెరిగిన అద్దె నిచ్చుకొనలేని బీదలు దూరపు పేటలకు పోవలసి వచ్చినది. వీథి బాగుపడి వీథివారు వెడలిపోయినచో, ఆ బాగు ఎవరికి? బాగుచేయు పని అచ్చట నున్నవారితోనే ఆరంభము కావలెను. ఇల్లు మరమ్మతు చేసికొనుటకు వారికి తక్కువ వడ్డీకి అప్పు లభింపవలెను. మూతపడిన అంగడిని తెరచువాడు ఆ పేటవాడే యైన మేలు. రైలు వచ్చుటకు ముందే బీదల యిండ్ల అద్దెలకు కట్టుబాటు ఉండవలెను. దీపములు, ఉద్యానములు, చెత్త నెత్తు బండ్లు సంపన్నుల పేటకు వచ్చినట్లే ఇచ్చటికిని రావలెను. ఇది దయాధర్మము కాదు. ఆ పేటవారికి చిరకాలముగ చెల్లింపని బాకీ.

ఇంత ధనము ఎచ్చటినుండి వచ్చునని కొంద రడుగుదురు. పాడుపడిన పేటయు నగరమునకు భారమే. శిథిలములను కూల్చుటకును ధనము కావలెను. ఇల్లు ఖాళీ యైనచో పన్నును రాదు.

పేరు పలక వ్రాయించుట ఒక దినపు పని. ఆ పేరునకు తగినట్లు వీథిని నిలుపుట తరముల పని. చెత్త నెత్తువారి కూలికై పోరాడుచు ప్రాణము విడిచినవాని పేరిట వెలసిన వీథిలో చెత్త పేరుకొని యుండుట, ఆ పలకను వ్రాయించినవారికి గౌరవము కాదు.