పరీక్షకూ ఒక తూకపు రాయి కావాలి

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందని బస్తాలు పక్కన పెడితే మనం అడిగే మొదటి మాట ఒకటే: "మీ మిషన్ సరిగ్గా ఉందా?" కాంటా మీద అనుమానం వస్తే ముద్ర వేసిన రాయి పెట్టి చూపించమంటాం. మరి బర్రెకు పరీక్ష చేసి "రోగం లేదు" అన్నప్పుడు ఆ మాట ఎందుకు అడగం?

మా త్రిపురారం వైపు, సాగర్ ఎడమ కాల్వ కింద, వరి దెబ్బతిన్న ఏడాది ఇల్లు నడిపేది పాలే. గాలికుంటు వస్తే నోట్లో పుండ్లు, గిట్టల నడుమ పుండ్లు. పాలు పడిపోతాయి, లేత దూడలు చనిపోతాయి. ఒకసారి మా బర్రెల శాంపిల్ నెగెటివ్ అని వచ్చింది. నమ్మి మందలో కలిపి తోలాం. వారం తిరక్కుండా వాడంతా పశువులు కుంటాయి. శాంపిల్ దారిలో ఎండకు చెడిందో, పరీక్షే తప్పిందో చెప్పినవాళ్లు లేరు.

ఆర్‌టీ-పీసీఆర్ అనే మాట కరోనా రోజుల్లో అందరం విన్నదే. గాలికుంటుకూ అదే పరీక్ష ఉంది. వైరస్ డొప్పను పగలగొట్టి ఆర్‌ఎన్‌ఏ తీయాలి, దాన్ని డీఎన్‌ఏగా మార్చాలి, కోట్ల రెట్లు పెంచి చూడాలి. ఒక్క మెట్టు తప్పినా రోగం ఉన్న పశువుకు "లేదు" అనే వస్తుంది. అందుకే ప్రతిసారీ పక్కన, పాజిటివ్ రావాల్సిన నమూనా ఒకటి నడపాలి. దాన్ని పాజిటివ్ కంట్రోల్ అంటారు. అదే తూకపు రాయి. దారిలో చెడిన శాంపిల్‌ను అది బాగుచేయదు. కానీ తప్పు ల్యాబ్‌లో జరిగిందా లేదా అన్నది తేలుస్తుంది.

కంట్రోల్‌గా బతికున్న వైరస్‌నే పెడితే ప్రమాదం. 2007లో ఇంగ్లండ్‌లోని పిర్‌బ్రైట్‌లో పరిశోధన, టీకా తయారీ జరిగే చోటి నుంచే గాలికుంటు వైరస్ బయటపడి చుట్టుపక్కల పశువులకు సోకింది. ముడి ఆర్‌ఎన్‌ఏ పెడదామంటే త్వరగా ముక్కలైపోతుంది. పైగా డొప్ప పగలగొట్టే మెట్టును అది పరీక్షించదు.

దీనికి దారి మన బొబ్బర చేలో దొరికింది. బొబ్బర మొక్కకు పట్టే ఒక మొజాయిక్ వైరస్ డొప్పలో గాలికుంటు ఆర్‌ఎన్‌ఏ ముక్కను చేర్చి, పొగాకు జాతి మొక్క ఆకుల్లో పెంచారు. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్, పిర్‌బ్రైట్ శాస్త్రవేత్తలు 2015లో ఈ పని ప్రచురించారు. లోపలున్నది ముక్కే కనుక పశువుకు రోగం రాదు. పైన డొప్ప ఉంది కనుక పరీక్షలోని ప్రతి మెట్టునూ అసలు వైరస్‌లాగే దాటాలి. కరోనా పరీక్షలకూ ఇదే పద్ధతిలో కంట్రోళ్లు చేశారు.

2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం 2030 నాటికి గాలికుంటును లేకుండా చేస్తామంటోంది. టీకా వేస్తున్నారు, మంచిదే. కానీ రోగం ఎక్కడుందో నమ్మకంగా తెలియకుండా దాన్ని తరిమేదెలా?

మేము అడిగేవి మూడు. పశువుల పరీక్ష రిపోర్టు మీద కంట్రోల్ ఫలితం కూడా రాయాలి. ఇలాంటి కంట్రోళ్లను రాజేంద్రనగర్‌లోని మన వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలు కలిసి ఇక్కడే తయారుచేసి జిల్లా ల్యాబ్‌లకు ఇవ్వాలి. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట రైతుకు దగ్గరలో పరీక్ష, రోజుల్లో జవాబు అందాలి.

కాంటా దగ్గర గట్టిగా అడగడం సంఘం మనకు నేర్పింది. పశువుల దవాఖాన దగ్గరా అలాగే అడుగుదాం.