ఒకే మీటరు, అందరి వేళ్లకూనా?

షుగరు చూసుకునే మీటర్లకూ స్ట్రిప్పులకూ న్యూజిలాండులో సర్కారు సొమ్మే కడుతుంది. ఏది కొనాలో తేల్చేది ఫార్మాక్. 2012లో ఆ సంస్థ పలు కంపెనీల సరుకును పక్కనపెట్టి, దాదాపు అందరికీ కేర్‌సెన్స్ ఒక్కటే చాలునంది. రోగులు గోల పెట్టారు, నిర్ణయం ఆగలేదు.

ఒకే కంపెనీతో బేరమాడితే ధర దిగుతుంది, ఆ మిగులుతో మరో మందు కొనవచ్చు. కాదనం. కానీ మీటరు మాత్ర కాదు, మింగి ఊరుకోవడానికి! సన్నటి స్ట్రిప్పును సందులో దూర్చాలి, నెత్తురుబొట్టు అంటించాలి, అంకె చదవాలి. న్యూ లిన్‌లో మన పెద్దల్లో చేతులు వణికేవారున్నారు, చూపు ఆననివారున్నారు. నచ్చకుంటే సొంతంగా కొనుక్కోమంటారు. రోజూ కావలసిన స్ట్రిప్పులు కొనలేనివారికి అదేం స్వేచ్ఛ?

పైగా 2024 అక్టోబరులో టైప్ 1 వారికి సెన్సార్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఇదే ఫార్మాక్ డెక్స్‌కామ్‌కూ ఫ్రీస్టైల్ లిబ్రేకూ రెండింటికీ చోటిచ్చింది. అంటే మనసుంటే కుదురుతుందన్నమాట. ఆ సెన్సార్లు అందక వేళ్లు పొడుచుకుంటూ మిగిలిన టైప్ 2 వారికి, మన ఇళ్లలో ఎక్కువమంది వారే, రెండో మీటరు ఎందుకు కుదరదు?

ఫార్మాక్ అభిప్రాయాలడిగినప్పుడు ఉత్తరం రాద్దాం. ఇంగ్లీషుకు జంకేవారు పిల్లలచేత రాయించండి.