నిరీక్షణకూ కులం ఉంది

మా చెల్లెలి కొడుకుకు ఇప్పుడు ఏడేళ్లు. వాడికి ఆటిజం ఉందని వైద్యులు కాగితంపై రాసిచ్చింది ఆరేళ్లు నిండిన తరువాత. నాతోపాటు పనిచేసే ఒక అధ్యాపకుని కుమారుని విషయంలో అదే సంగతి మూడేళ్లు నిండకముందే తెలిసింది. ఇద్దరూ విశాఖపట్నంలోనే పుట్టారు. ఇద్దరూ పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూసేవారు కాదు. తిరిగే ఫ్యాను రెక్కలను చూస్తూ ఇద్దరూ గంటల తరబడి కూర్చునేవారు. ఒకరి కంటే మరొకరు మూడేళ్లు ఎందుకు ఎక్కువ ఎదురుచూడవలసి వచ్చింది? నిపుణుల కొరత అని జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కొరత నిజమే. కానీ కొరత ఉన్నచోట వరుసలో ముందు ఎవరుంటారు, వెనుక ఎవరుంటారు, అసలు వరుస దాకా ఎవరు రాగలుగుతారు అన్నది కులంతో ముడిపడిన విషయం.

ఆ అధ్యాపకుని కుటుంబంలో ఇద్దరు వైద్యులున్నారు. ఏడాదిన్నర దాటినా బిడ్డకు మాట రాలేదన్న సంగతి ఒక పెళ్లిలో ఆయన మేనమామ కంటబడింది. మరుసటి వారమే పరీక్షకు ఏర్పాటైంది. మా బంధువర్గంలో వైద్యులెవరూ లేరు. మా చెల్లెలి భర్త హార్బరులో కాంట్రాక్టు కూలీ. మగపిల్లలకు మాట ఆలస్యంగానే వస్తుందని మా అమ్మ ధైర్యం చెప్పింది. పొరుగువారు తాయెత్తు కట్టించారు. బడిలో చేర్చాక పంతులమ్మ అన్న మాట మాత్రం మా చెల్లెలు మరిచిపోలేదు: ‘మీ పేట పిల్లలు ఇలాగే ఉంటారమ్మా, ఇంట్లో మాట్లాడేవాళ్లుండరు కదా.’

చివరికి ఒక వైద్యుడు అనుమానించి, ముందు వినికిడి పరీక్ష చేయించుకు రమ్మన్నాడు. ఆ తరువాత మానసిక నిపుణుని వద్దకు అయిదు నెలల తరువాతి తేదీ ఇచ్చారు. ఆ రోజున భర్త కూలి మానుకోలేకపోయాడు. చెల్లెలు ఒక్కతే పిల్లవాణ్ణి తీసుకుని రెండు బస్సులు మారి వెళ్లింది. నిపుణుడు సెలవులో ఉన్నాడు. మళ్లీ మూడు నెలలు.

ఆసుపత్రి వరుసలో గడిచిన ఈ నెలలు అందరికీ కనిపిస్తాయి. అంతకుముందు గడిచిన ఏళ్లు ఎవరి లెక్కలోకీ రావు. నా దృష్టిలో కులం బలంగా పనిచేసేది అక్కడే. ఒక బిడ్డ మాట్లాడకపోతే కారణం వెతకాలని తోచాలంటే, ఆ బిడ్డ మాట్లాడగలడన్న నమ్మకం ముందుగా ఉండాలి. దళిత, ఆదివాసీ, అట్టడుగు వెనుకబడిన కులాల పిల్లల పట్ల బడికి ఆ నమ్మకమే తక్కువ. అందుచేత వాళ్ల మౌనం మొద్దుతనంగాను, వాళ్ల అలజడి అల్లరిగాను చెల్లిపోతుంది.

ఆటిజం చరిత్రలోనే ఈ పొరపాటు ఉంది. 1943లో లియో కానర్ అమెరికాలో 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించాడు. వాళ్ల తల్లిదండ్రులలో చాలామంది బాగా చదువుకున్నవాళ్లని గమనించాడు. దాంతో ఆటిజం ఉన్నత వర్గాల ఇళ్లలో కనిపించేదన్న అభిప్రాయం దశాబ్దాలపాటు నిలిచింది. 1980లో లోర్నా వింగ్ లండన్‌లోని క్యాంబర్‌వెల్ ప్రాంతపు పిల్లల వివరాల ఆధారంగా ఈ అభిప్రాయాన్ని ప్రశ్నించింది. జనంలోకి వెళ్లి వెతికితే వర్గభేదం కనబడలేదు. నిపుణుల గడప దాకా వచ్చినవారిని మాత్రమే లెక్కించడంవల్ల ఆ భ్రమ పుట్టింది.

2002లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ప్రభుత్వ వైద్య సహాయం పొందే పిల్లలపై జరిగిన అధ్యయనంలో తెల్లజాతి పిల్లలకు సగటున 6.3 ఏళ్లకు, నల్లజాతి పిల్లలకు 7.9 ఏళ్లకు నిర్ధారణ జరిగినట్లు తేలింది. అందరూ పేదలే, అయినా ఏడాదిన్నర తేడా. 2023లో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రకటించిన లెక్కల్లో మాత్రం తెల్లజాతి పిల్లలలో కంటే నల్లజాతి, ఆసియా, హిస్పానిక్ పిల్లలలో ఎక్కువ శాతం మందిని గుర్తించినట్లు తొలిసారిగా నమోదైంది. ఇంటిదాకా వెళ్లి వెతకడం మొదలుపెడితే, లేరనుకున్న పిల్లలు కనిపిస్తారు.

ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష గాని, స్కానింగు గాని లేదు. బిడ్డను గమనించి, తల్లిదండ్రులు చెప్పింది విని నిర్ణయించాలి. మన దేశంలో ధ్రువీకరణకు వాడే కొలమానాన్ని సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థే రూపొందించింది. అందులో 40 అంశాలు. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 70 చేరితే ఆటిజంగా లెక్క. అంటే తల్లి మాట ఇక్కడ సాక్ష్యం. ఉత్తరాంధ్ర యాసలో తడబడుతూ చెప్పే తల్లి మాటను ఎంత ఓపికగా వింటున్నారు? పాడేరు, అరకు కొండల నుంచి కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే బిడ్డను తెలుగులో పరీక్షిస్తే తేలేది ఆటిజమా, భాషాభేదమా?

చట్టంలో లోటు పెద్దగా లేదు. 2013లో మొదలైన జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడిపిల్లలను ఒకసారి పరీక్షించాలంటుంది. ఆ కార్యక్రమం వెతకవలసిన వాటిలో ఆటిజం ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో చోటు దొరకని ఆటిజం, 2016 చట్టంలోని 21 వైకల్యాలలో చేరింది. ఏటా ఒక్కసారైనా పిల్లలందరినీ పరీక్షించాలని ఆ చట్టమే చెబుతోంది. ఉన్నత విద్యలో 5 శాతం, ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. వీటన్నిటికీ తాళంచెవి 40 శాతం వైకల్యాన్ని చూపే ధ్రువపత్రం. దాని జారీకి నిబంధనలలో ఉన్న నెల రోజుల గడువును 2024 సవరణ మూడు నెలలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. సదరం తేదీ కోసం ఆగిన ప్రతి నెలా పేద ఇంటికి అంత నష్టమే.

ఇది ఉక్కునగరం కనుక మరొక మాట చెప్పాలి. 32 మంది ప్రాణాలిచ్చిన ఉద్యమంతో, 64 గ్రామాల భూమిపై ఉక్కు కర్మాగారం నిలిచింది. ప్రభుత్వరంగంలో రిజర్వేషన్ ఉన్నందువల్ల అందులో శాశ్వత ఉద్యోగం దొరికిన దళిత కుటుంబానికి జీతంతోపాటు ఆసుపత్రి, బడి దక్కాయి. పోర్టులోనూ అంతే. మొదటి తరంలో కొందరి ఇళ్లకైనా వైద్యుని గడప అలా దగ్గరైంది. కాంట్రాక్టు పనిలో రిజర్వేషన్ లేదు, కంపెనీ ఆసుపత్రి లేదు, సెలవు పెడితే కూలి లేదు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణకు ఆమోదం తెలిపినప్పుడు ఉద్యోగాల గురించే ఎక్కువగా మాట్లాడుకున్నాం. శాశ్వత కొలువు పోతే దానితోపాటు బిడ్డకు సకాలంలో దొరికే నిర్ధారణ కూడా పోతుంది.

చేయవలసినవి అసాధ్యాలేమీ కావు. మొదటిది, కాగితం వచ్చేదాకా చికిత్స ఆపకూడదు. అనుమానం కలిగిన రోజునుంచే మాట నేర్పే శిక్షణ మొదలుపెట్టవచ్చు. చిన్న వయసులో పోయిన నెలలు తరువాత దొరకవు. రెండవది, అంగన్‌వాడీ కార్యకర్తలకు గుర్తించే శిక్షణ ఇచ్చి, నిపుణులే నెలకొక రోజు పేటలకు, మన్యానికి వెళ్లాలి. మూడవది, తేదీ ఇచ్చిన రోజున తండ్రికో తల్లికో కూలి నష్టం, ప్రయాణపు ఖర్చు చెల్లించాలి.

నాలుగవది లెక్క. 2011 జనగణనలో వైకల్యాలను ఎనిమిది రకాలుగా లెక్కించారు. అందులో ఆటిజం పేరు లేదు. 2027 జనగణనలో కులాన్నీ లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఈసారి ఆటిజాన్ని విడిగా నమోదు చేసి, కులాల వారీగా ఆ పట్టికను వెల్లడించాలి. ఏ కులపు బిడ్డకు ఏ వయసులో నిర్ధారణ జరిగిందో జిల్లా కేంద్రాలు ఏటా ప్రకటించాలి. కులగణన కోరే ఉద్యమాలు, వికలాంగుల హక్కుల ఉద్యమాలు ఇంతవరకు వేర్వేరు దారుల్లో నడిచాయి. ఈ కోరిక ఇద్దరిదీ కావాలి. విద్యార్థి సంఘాలు తమ పేటల అంగన్‌వాడీలకు వెళ్లి, ఈ ఏడాది పరీక్షలు జరిగాయా అని అడగడంతో దీన్ని మొదలుపెట్టవచ్చు.

మా మేనల్లుడు ఇప్పుడు వారానికి రెండు రోజులు శిక్షణకు వెళ్తున్నాడు. దాహమేస్తే గ్లాసు బొమ్మను చూపిస్తాడు. గత నెలలో మొదటిసారి ‘అమ్మా’ అన్నాడు. మా చెల్లెలు సంతోషంతో ఏడ్చింది. కన్నీళ్లు తుడుచుకుని నన్నొక ప్రశ్న అడిగింది: ‘మూడేళ్లప్పుడే తెలిసుంటే ఈ మాట ఎప్పుడు వినేదాన్నన్నయ్యా?’