శ్రుతికి పది మార్కులు, మరి ఢావ్లోకు ఎన్ని?

మిత్రులారా, ముందు నా తప్పు చెప్పుకుంటా. టీవీ వాళ్ల సంగతికి తర్వాత వస్తా.

పోయిన ఫిబ్రవరి 15న, సేవాలాల్ మహరాజ్ జయంతి రోజు, మా పక్క తాండాలో పాటల పోటీ పెట్టినారు. డిగ్రీ చదివినోడు, మైకు పట్టుకుంటే భయపడనోడు అని నన్ను జడ్జిగా కూర్చోబెట్టినారు. నాతో పాటు ఒక స్కూలు సారు, ఇంకొక రిటైరైన పెద్దాయన. ముగ్గురికీ తలా ఒక కాగితం. శ్రుతి 10, లయ 10, భావం 10, ఉచ్చారణ 10. ఆ కాగితం తయారు చేసింది నేనే. ఎక్కడి నుంచి తెచ్చినానో మీకు చెప్పాల్సిన పని లేదు, మీరూ అవే ప్రోగ్రాములు చూస్తారు కదా.

ఒక ఇంటర్ పిల్లోడు ఫోన్లో ట్రాక్ పెట్టుకుని సినిమా పాట పాడినాడు. బాగా పాడినాడు, అబద్ధం చెప్పను. నలభైకి ముప్పై ఆరు వేసినా. వాడి తర్వాత ఒక దాదీ వచ్చింది. డెబ్బై దాటినట్టుంది. మైకు దగ్గర పెట్టుకోమంటే వద్దనింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఢావ్లో ఎత్తుకుంది.

తెలియని మిత్రుల కోసం చెప్తా. ఢావ్లో అంటే మా గోర్ బోలీలో పెళ్లికూతురు పాడే పాట. పుట్టింటిని, తాండాను, పశువులను, అమ్మను, అన్నను విడిచి పోతా, ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తా పాడుతుంది. ఏడుపు పాటలో కలుస్తుంది, పాట ఏడుపులో కలుస్తుంది. ఊపిరి యాడ తెగాలో, గొంతు యాడ జారాలో పెద్దోళ్లు నేర్పిస్తారు. పెళ్లికి ముందు కూర్చోబెట్టి నేర్పించే పాట ఇది. నేర్చుకోని పిల్లను చూసి, ఏం పెంచినారమ్మా అనేవాళ్లంట మా దాదీల కాలంలో.

నేనేం చేసినా? గొంతు జారిన చోటల్లా శ్రుతిలో మార్కు కోసినా. శ్రుతి 4. తాళం లేదు కాబట్టి లయ 3. ఉచ్చారణ గడి దగ్గర ఏం వేయాలో తెలీక 5 వేసినా. గోర్ బోలీ పాటకు తెలుగు ఉచ్చారణ మార్కులేంది అనే ఆలోచన కూడా రాలేదు నాకు. భావానికి 7. మొత్తం పంతొమ్మిది. తల పైకెత్తి చూస్తే ముందు వరసలో ఆడోళ్లంతా కళ్లు తుడుచుకుంటున్నారు. అందులో మా యాడి కూడా ఉంది. ఆ పాట నడిచినంత సేపూ నేను కాగితమే చూస్తున్నా.

కుక్కర్ ఆ పిల్లోడికి పోయింది. దాదీకి అందరికీ ఇచ్చినట్టే ఒక స్టీలు గిన్నె. పోతా పోతా నన్ను అడిగింది, "బేటా, నేను యాడ తప్పు పాడినా?" అని. ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి టీవీలో పాటల పోటీ వస్తే నా కళ్లు పాడేవాళ్ల మీద ఉండటం లేదు, కుర్చీల్లో కూర్చున్నవాళ్ల మీదికి పోతున్నాయి. వాళ్ల చేతిలోని కాగితంలో ఏ గడులున్నాయి? ఆ గడులు ఎవరి పాటను చూసి గీసినారు?

జడ్జీలే వద్దు అనేవాళ్ల పక్కన నేను లేను. మంచి జడ్జి ఒక మనిషి బతుకునే మార్చగలడు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ఎన్నోసార్లు చెప్పుకున్న కథ ఒకటుంది. కుర్రాడిగా ఉన్నప్పుడు గూడూరులో పోటీలో పాడితే ఆయనకు రెండో బహుమతి ఇచ్చినారు. అతిథిగా వచ్చిన ఎస్. జానకి గారు, మొదటి బహుమతి ఈ అబ్బాయికి రావాల్సిందని వేదిక మీదే చెప్పినారు. తర్వాత మద్రాసులో ఔత్సాహిక గాయకుల పోటీ. ఘంటసాల, ఎస్పీ కోదండపాణి న్యాయనిర్ణేతలు. బాలు గారికి మొదటి బహుమతి. కోదండపాణి గారు మార్కులు వేసి ఇంటికి పోయి నిద్రపోలేదు. వెంట తిప్పుకున్నారు, పాట నేర్పించినారు, 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో తొలి పాట పాడించినారు. తర్వాత కాలంలో బాలు గారు తన రికార్డింగ్ స్టూడియోకు కోదండపాణి గారి పేరే పెట్టుకున్నారు.

ఆ అప్పు తీర్చుకున్నట్టే ఆయన 1996 నుంచి ఈటీవీలో 'పాడుతా తీయగా' నడిపినారు. మా ఇంట్లో టీవీ లేని రోజుల్లో వేరే ఇంటి గడప దగ్గర కూర్చుని చూసినవాణ్ని నేను. తప్పు పాడిన పిల్లను ఆయన చులకన చేసేవారు కాదు. ఏ అక్షరం దగ్గర జారిందో చెప్పేవారు, తనే పాడి చూపించేవారు, ఆ పాట రాసినాయన గురించి, కట్టినాయన గురించి చెప్పేవారు. శాస్త్రీయ సంగీతం తాను పద్ధతిగా నేర్చుకోలేదని బాహాటంగా ఒప్పుకున్న మనిషి కాబట్టేమో, నేర్చుకోని గొంతు మీద ఆయనకు కోపం ఉండేది కాదు. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ వేదిక సినిమా పాటకు కట్టిన గుడి. అందులో దాదీ పాటకు చోటు లేదు, ఉంటుందని ఎవరూ చెప్పలేదు కూడా. అది వాళ్ల నిజాయితీ.

ఇప్పటి పోటీలతో నా పేచీ వేరు. "మట్టిలో మాణిక్యాలను వెతుకుతున్నాం" అని ప్రోమో వేస్తారు. కెమెరా ఊరికి వస్తుంది. ఎండిన బోరు చూపిస్తుంది, నెర్రెలిచ్చిన చేను చూపిస్తుంది, అమ్మ కట్టెల పొయ్యి ఊదుతుంటే దగ్గరగా తీస్తుంది. మా అనంతపురం కరువు కెమెరాకు భలే అందంగా కనబడుతుంది లెండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల, ఏ పక్కన తీసినా ఫ్రేము కుదురుతుంది. వెనక వయొలిన్ వస్తుంది. జడ్జీలు కన్నీళ్లు పెడతారు. వారం రెండు వారాలు తిరిగేసరికి ఇళయరాజా స్పెషల్, మెలోడీ రౌండ్ అంటారు, పిల్ల తనది కాని పాట తనది కాని యాసలో పాడుతుంది. "పిచ్ కొంచెం పోయిందమ్మా" అంటారు. ఎలిమినేషన్. పిల్ల కష్టానికి ఏడ్చినోళ్లు ఆమె పాటను ఒక్కసారి కూడా వినలేదు.

పొగడ్త కూడా తీర్పు కాదు. 2021లో హిందీ 'ఇండియన్ ఐడల్' పన్నెండో సీజన్‌లో కిశోర్ కుమార్ పాటల ఎపిసోడ్‌కు ఆయన కొడుకు అమిత్ కుమార్ అతిథిగా పోయినాడు. తర్వాత బయటికి వచ్చి, అందరినీ పొగడమని నాకు ముందే చెప్పినారు, నేను పొగిడినా, నాకు మాత్రం నచ్చలేదు అని పత్రికలకు చెప్పినాడు. దేశమంతా గోల అయింది. నాకు ఆశ్చర్యం వేయలేదు. జాలి పడి వేసే మార్కు, చెప్పించుకుని వేసే మార్కు, రెండూ ఒకటే. పాడినోళ్లకు తమ పాట గురించి ఏమీ తెలియకుండా పోతుంది.

మన పాట వింటామని వచ్చిన టీవీ అసలు లేదా అంటే, ఉంది. మాటీవీలో 'రేలా రే రేలా' వచ్చేది. జానపదాల పోటీ. గోరటి వెంకన్న, సుద్దాల అశోక్ తేజ లాంటివాళ్లు జడ్జీలు. పల్లె పాట యాడ పుడుతుందో తెలిసినవాళ్లు. పాడే పిల్లల్లో భయం తక్కువగా ఉండేది, వినేవాడికి తెలుసు అనే ధైర్యం. అట్లాంటి వేదిక మీద కూడా ఒక చిక్కు వచ్చింది, అది మనం మరిచిపోకూడదు. 2021 ఫిబ్రవరి చివర్లో 'లవ్ స్టోరీ' సినిమా నుంచి 'సారంగ దరియా' పాట విడుదలైంది. రాసింది అశోక్ తేజ గారు, పాడింది మంగ్లీ. ఆ పాటను నేను సేకరించినా, 'రేలా రే రేలా'లో నేను పాడినా, నా పేరు ఏది అని వరంగల్ వైపు గాయని ఒకామె అడిగింది. పల్లవి జనం పాట, చరణాలు నేను కొత్తగా రాసినవి అని కవి చెప్పినారు. ఆమెకు గుర్తింపు, ప్రతిఫలం ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల బహిరంగంగా ప్రకటించినారు.

ఎవరిది తప్పని తేల్చే పని నాది కాదు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. జనం పాటకు ఓనరు ఉండడు. అయినా ఆ పాటను ఇంతదాకా మోసుకొచ్చిన గొంతు ఒకటి ఉంటుంది, దానికి పేరు ఉంటుంది. పోటీలో ఆ పిల్ల పాడినప్పుడే తెర కింద "ఈ పాట ఫలానా ఊళ్లో ఫలానా అవ్వ దగ్గర నేర్చుకున్నది" అని ఒక వరస వేసి ఉంటే, పదేళ్ల తర్వాత ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని ఉండేది కాదు. మార్కులు ఎపిసోడ్ అయిపోగానే చచ్చిపోతాయి. ఆ ఒక్క వరస బతికుంటుంది.

మంగ్లీ పేరు వచ్చింది కాబట్టి ఇంకొక మాట. ఆమె మన పిల్లే, గుత్తి మండలం బసినేపల్లి తాండా. గుత్తి దగ్గరే కదా సేవాలాల్ పుట్టిన సేవాగఢ్ కూడా. తిరుపతిలో సంగీతం చదువుకుంది. ఆమెకు పేరు తెచ్చింది జడ్జీల మార్కులు కాదు. వీ6 చానల్లో మాట, ఆ తర్వాత యూట్యూబ్‌లో పండగ పాటలు, జానపదాలు. ముందు జనం విన్నారు, సినిమా తర్వాత విన్నది. మా తాండాల్లో ప్రతి అమ్మా ఇప్పుడు కూతురితో "మంగ్లీ మాదిరి పాడు" అంటోంది. సంతోషమే. కానీ మంగ్లీకి దొరికిన సంగీతం క్లాసు ఎంతమందికి దొరుకుతుంది? ఆడిషన్‌కు హైదరాబాద్ పోవాలంటే రాత్రి బస్సు, ఇద్దరి చార్జీలు, రెండు రోజుల కూలి పోయె. లైనులో నిలబడి ఒక నిమిషం పాడే లోపలే "థాంక్యూ" అంటారు.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకో చోట ఉంది. ఆడిషన్‌కు పోదామనుకున్న పిల్ల ఇంట్లో ఏ పాట సాధన చేస్తుంది? జడ్జికి నచ్చే పాట. ఢావ్లో పక్కకు పోతుంది. అసలే వానలు లేక సగం తాండా బెంగళూరుకో కేరళకో పోతోంది. శెనక్కాయలు వలుస్తా ఆడోళ్లు కూర్చుని పాటలు నేర్పే వాకిళ్లు ఖాళీ అయినాయి. మిగిలిన ఒకటి రెండు గొంతులకు కూడా మేము పంతొమ్మిది మార్కులు వేసి ఇంటికి పంపిస్తున్నాం.

మన ఉద్యమంలోనే కొందరు అన్నలు అంటారు, పోటీ అనేదే మన సంస్కృతి కాదు, ఎవరు ఎక్కువ ఎవరు తక్కువ అని తేల్చేది బయటోళ్ల అలవాటు అని. అన్నా, గౌరవంగానే చెప్తా, మీరు హోళీ నాడు తాండాలో ఉన్నట్టు లేదు. లేంగీ పాటల్లో ఒక గుంపు ఎత్తుకుంటే ఇంకో గుంపు జవాబు ఇవ్వాల్సిందే. జవాబు రాకపోతే ఆ నవ్వులు మూడు రోజులు ఉంటాయి. ఏ తాండాలో ఎవరు బాగా పాడతారో పిల్లలకు కూడా తెలుసు. తీర్పు మనకూ ఉంది. మన తీర్పుకు కాగితం లేదు, అంతే.

అందుకే వచ్చే జయంతికి కాగితం మార్చినాం. నాలుగు గడులు తీసేసినాం. సినిమా పాటలు ఒక వరుస, తాండా పాటలు ఒక వరుస, రెండింటికీ సమానమైన బహుమతి. తాండా పాటల్లో జడ్జి చూసేవి వేరే. పాటను సందర్భానికి తగ్గట్టు అప్పటికప్పుడు అల్లినారా? గోర్ బోలీ మాట మాటలాగే ఉందా, తెలుగు చేసి పాడినారా? వినేవాళ్లు పాటలోకి వచ్చినారా? శ్రుతి వద్దనలేదు. ఏ పాటకు ఏ శ్రుతి అని తెలిసినోళ్లు చెప్పాలన్నాం.

చానళ్ల వాళ్లు ఎవరైనా ఇది చదివితే, మాకు రిజర్వేషన్ కుర్చీ అడగటం లేదు. తాండా పిల్లను, గూడెం పిల్లను మీరే పిలిచినారు కదా. వాళ్ల పాట తెలిసిన ఒక మనిషిని ఆ రోజుకు పక్కన కూర్చోబెట్టండి. ఒక రౌండ్ ఆ పిల్ల సొంత భాషలో పాడనీండి. నేర్పినవాళ్ల పేరు తెర మీద వేయండి. బోరుబావి సీన్ కొంచెం తగ్గించినా మాకేం బాధ లేదు.

మా పోటీలో మూడో కుర్చీ దాదీకి ఇచ్చినాం. నేను రాను పో అనింది ముందు. నాలుగుసార్లు తిరిగినా. చదువు రాదు కదా, మార్కులు ఎట్ల వేస్తావు దాదీ అంటే, "ఒక చాట శెనక్కాయలు పెట్టండి, ఎవరికి ఎన్ని పోయాలో నాకు తెలుసు" అనింది. చివర్లో లెక్కపెట్టే పని నాది.

పేర్లు ఇచ్చేవాళ్లు జనవరి ఆఖరులోగా మీ తాండా నాయక్ దగ్గర ఇవ్వండి. పాట పేరుతో పాటు ఎవరు నేర్పినారో, ఏ తాండానో కూడా రాయండి. ఇప్పటికి పదకొండు మంది ఇచ్చినారు. పోయిన ఏడు కుక్కర్ గెలిచిన పిల్లోడు కూడా ఇచ్చినాడు. ఈసారి రెండు వరుసల్లోనూ పాడతాడంట, దాదీ ఇంటికి పోయి నేర్చుకుంటున్నాడు.