కాపరి సాక్ష్యం

ఆసిఫాబాద్ జిల్లా తిర్యాణి, కెరమెరి మండలాల్లో పొద్దున అడవికి తోలిన మంద సాయంత్రానికి ఊరు చేరుతుంది. గుంపులో కలవక వెనకబడిన ఆవును ముందుగా గమనించేది పశువుల కాపరే. నెమరు మానింది, చెవులు వాల్చింది, పళ్లు కొరుకుతోంది, మాటిమాటికీ డొక్క వైపు చూసుకుంటోంది. థర్మామీటరు పెట్టకముందే సగం రోగం ఇక్కడ బయటపడుతుంది.

1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది. మంచిదే. కానీ కొత్త మనుషులకు, వాహనం చప్పుడుకు బెదిరిన పశువును నలుగురు తాళ్లేసి పడదోస్తే ఒంటి వేడి, గుండె వేగం రెండూ పెరుగుతాయి. అందులో జ్వరమెంత, భయమెంత? కాసేపు దూరం నుంచి చూసి, యజమాని చేతనే పట్టించి పరీక్షిస్తే లెక్క సరిగ్గా తేలుతుంది. డాక్టరుకు తన్నులూ తప్పుతాయి!

కొన్నిసార్లు ఇలా ముందు దూరం నుంచి గమనించడం మనుషుల ప్రాణాల సంగతి కూడా. బొంగురు గొంతుతో అదేపనిగా అరుస్తూ చొంగ కార్చే ఆవును చూసి, గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యి పెట్టేవారున్నారు. అది రేబిస్ కావచ్చు. కుక్క కరిచి వారాలు గడిచి ఉంటాయి, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. అలాంటి పశువును తాకకుండా విడిగా ఉంచి డాక్టరును పిలవాలి.

అందుకే పశువైద్యుల కేసు పుస్తకంలో కాపరి చూసింది రాసేందుకు ఒక గడి ఉండాలి. కాపరుల మాట అర్థమయ్యేలా పశువైద్య శిబిరాల్లో గోండి, కొలామి మాట్లాడే యువకులుండాలి. పోలాల అమావాస్యనాడు ఎద్దులన్నీ ఒకచోట చేరాయి కదా అని సూదులు వేయడం మొదలుపెట్టొద్దు. పండుగ పోయాక, మంద కుదుటపడ్డాక వెళ్లండి.